పైథాన్ అని కొడితే స్టోర్ తెరుచుకుంటోంది, పాండాస్ వేసినా లేదంటోంది. విండోస్ మళ్ళీ వేసుకోవాలా?

మామ్మ_సామెతలు:

అందరికీ నమస్తే. ప్రోగ్రామింగ్‌కి కొత్త, చదివింది బీకామ్, ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తూ పైథాన్ నేర్చుకుంటున్నాను. మా మామ్మ నోటి వెంట వచ్చిన సామెతలు ఓ ఆరువందల దాకా ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకున్నాను, వాటిని ఒక పట్టికలా చేసి ఏది రెండుసార్లు రాశానో, ఏ మాటతో ఎక్కువ మొదలవుతున్నాయో చూద్దామని సరదా. కోడ్ సంగతి దేవుడెరుగు, మూడు రోజులుగా ఇన్‌స్టాల్ చేసే దగ్గరే ఆగిపోయాను.

లాప్‌టాప్ విండోస్ 11. పైథాన్ 3.13 వాళ్ళ సైట్ నుంచే దించి వేశాను. టెర్మినల్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుని, పైథాన్ కావాలా, దించుకో అంటోంది. ఒక వీడియోలో పాత్‌కి (విండోస్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాకి) కలపమన్నారు, కలిపాను. పైథాన్313 ఫోల్డరు, దాని లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డరు, రెండూ జాబితా చివర చేర్చాను. అయినా స్టోరే. విచిత్రం ఏమిటంటే పైథాన్‌కి అదనపు సామాను దించిపెట్టే పిప్ మాత్రం పనిచేస్తోంది! పట్టికల పనికి వాడే పాండాస్ కోసం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్ అంటే చక్కగా దిగింది, సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్ అని కూడా వచ్చింది. తీరా కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో రన్ బటన్ నొక్కితే నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్ అని ఎర్ర అక్షరాలు. సరేనని మళ్ళీ పిప్ కొడితే రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్ అంటోంది. ఒకడు ఉందంటాడు, ఒకడు లేదంటాడు, ఎవర్ని నమ్మాలి?

వేర్ పైథాన్ అని కొట్టి చూడమని ఎక్కడో చదివి అదీ కొట్టాను. ఏమీ రాలేదు, ఎర్రర్ కూడా రాలేదు, ఊరికే కింది లైన్‌కి దిగింది. లాప్‌టాప్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేస్తే పోతుందా? టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

టక్కున_జవాబు:

సింపుల్ బ్రో. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సెట్‌ఎక్స్ పాత్ అని కొట్టి, పాత పాత్ వెనకాల సెమీకోలన్ పెట్టి పైథాన్ ఫోల్డర్ తగిలించు. ఒక్క లైన్, అయిపోతుంది. కాకపోతే అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వెయ్యి.

బెజవాడ_బగ్:

ఆ సెట్‌ఎక్స్ జోలికి దయచేసి వెళ్ళొద్దండీ. పైన చెప్పినాయన మంచికే చెప్పాడు కానీ ఆ ఒక్క లైన్‌తో నేనొకసారి రోజంతా పోగొట్టుకున్నాను. సెట్‌ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది, మిగతాది పోయినట్టే. దానికి తోడు అలా కొట్టినప్పుడు సిస్టమ్ పాత్, యూజర్ పాత్ రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా యూజర్ పాత్‌లోకి వెళ్తాయి. ఆఫీసు లాప్‌టాప్‌లో నేను కొట్టింది పొద్దున పది గంటలకి, మధ్యాహ్నానికి గిట్ లేదంటోంది, జావా లేదంటోంది, అసలు ఏం పోయిందో తెలియాలంటే ముందు ఏముండేదో గుర్తుండాలి కదా. పాత్ మార్చాలంటే స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికితే వచ్చే విండోలో మార్చండి, అక్కడ ఒక్కో ఫోల్డరూ ఒక్కో వరసలో కనిపిస్తుంది, పైకీ కిందికీ జరపొచ్చు కూడా.

ఫార్మాట్ మాత్రం చెయ్యకండి. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు.

పెంగ్విన్_ప్రియుడు:

ఇవన్నీ విండోస్ బాధలు. ఉబుంటు లినక్స్ వేసుకో తమ్ముడూ, హాయిగా ఉంటావు.

టెర్మినల్_తాత:

@పెంగ్విన్_ప్రియుడు, నాయనా, నేనూ ఉబుంటు మీదే ఉంటాను. ఉబుంటు 24.04లో కొత్తవాడు పిప్ ఇన్‌స్టాల్ అని కొడితే వచ్చేది ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఎర్రర్. దానికి మూలమైన డెబియన్‌లోనూ 12 నుంచీ అంతే. సిస్టమ్ తన సొంత పనులకి వాడుకునే పైథాన్‌ని మనం కెలక్కుండా వేసిన తాళం అది, మంచిదే, కానీ ఆ కొత్తవాడు కూడా ఇలాగే ఇక్కడికొచ్చి ఏడుస్తాడు. ఊరు మారితే కష్టం తీరదు.

ఇక ప్రశ్న అడిగినవారికి. నేను ఫోన్ నుంచి రాస్తున్నాను, కమాండ్లు నోటితో చెప్పినట్టు తెలుగులోనే రాస్తాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు మీ వేర్ కమాండ్ సంగతి. విండోస్ 11లో టెర్మినల్ తెరిస్తే మామూలుగా వచ్చేది పవర్‌షెల్. పవర్‌షెల్‌లో వేర్ అనే మాటకి అర్థం వేరు, అది జాబితాలోంచి ఏరే వేర్-ఆబ్జెక్ట్ అనే కమాండ్‌కి ముద్దుపేరు. మీరు ఏరడానికి ఏమీ ఇవ్వలేదు, అది ఏమీ ఏరలేదు, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. వేర్ డాట్ ఈఎక్స్ఈ అని చివరిదాకా రాసి, ఖాళీ ఇచ్చి, పైథాన్ అని కొట్టండి. అప్పుడు పలుకుతుంది.

అసలు విషయం. మీరు పైథాన్ ఒకటే ఉందనుకుంటున్నారు. నాకు మీ మెషీన్‌లో కనీసం మూడు కనిపిస్తున్నాయి. ఊళ్ళో ముగ్గురు సుబ్బారావులుంటే పోస్ట్‌మన్ దారిలో మొదట తగిలిన సుబ్బారావు ఇంట్లో ఉత్తరం పడేసి పోతాడు చూడండి, పాత్ చేసేది అదే. మీరు ఒక పేరు కొట్టగానే విండోస్ పాత్‌లోని ఫోల్డర్లని వరసగా చూసుకుంటూ వెళ్ళి, ఆ పేరున్న ఫైల్ మొదట ఎక్కడ దొరికితే దాన్నే నడిపిస్తుంది. ముందు సిస్టమ్ పాత్, దాని వెనక యూజర్ పాత్. విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్ ఒకటి మీ యూజర్ పాత్‌లో ముందునుంచీ ఉంటుంది, అందులో పైథాన్ డాట్ ఈఎక్స్ఈ అనే పేరుతో సున్నా బైట్ల ఉత్తుత్తి ఫైల్ ఉంటుంది. 2019 మే నెల విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చిందది, దాని పనల్లా స్టోర్ తెరవడమే. మీరేమో అసలు పైథాన్‌ని జాబితా చివర చేర్చారు. ఉత్తుత్తిది ముందుంది కాబట్టి అదే పలుకుతోంది. మరి పిప్ ఎలా పనిచేసింది అంటే, ఆ ఉత్తుత్తి ఫోల్డర్‌లో పిప్ అనే పేరుతో ఏమీ లేదు, కాబట్టి విండోస్ ఇంకా ముందుకెళ్ళి మీ 3.13 స్క్రిప్ట్స్‌లో ఉన్నదాన్ని పట్టుకుంది. పాండాస్ అక్కడ దిగింది. వీఎస్ కోడ్‌ది మూడో దారి. రన్ బటన్ పాత్ వైపే చూడదు, తన దగ్గర ఎంచి పెట్టుకున్న ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే కోడ్‌ని నడిపే పైథాన్‌ని, పూర్తి చిరునామాతో నేరుగా నడిపిస్తుంది. అది 3.13 అయ్యుంటే పాండాస్ దొరకాలి. దొరకలేదంటే వేరే ఇంకేదో ఉంది మీ దగ్గర.

ఇప్పటికి ఏమీ మార్చకండి. మూడు చూసి చెప్పండి: వేర్ డాట్ ఈఎక్స్ఈ పైథాన్ ఏమంటోంది, పీవై ఖాళీ హైఫన్ సున్నా పీ అంటే ఏమొస్తోంది (ఇది మెషీన్‌లో నమోదైన పైథాన్లన్నీ చిరునామాలతో చూపిస్తుంది), వీఎస్ కోడ్‌లో పైథాన్ ఫైల్ తెరిచి ఉన్నప్పుడు కింద కుడిమూల ఏ వెర్షన్ అంకె కనిపిస్తోంది.

సందేహాల_సత్తి:

మధ్యలో ఒక్క మాట, మీ ఫైల్ పేరు పాండాస్ డాట్ పీవై అని మాత్రం పెట్టలేదు కదా? నేను పెట్టాను ఒకసారి. ఇంపోర్ట్ పాండాస్ అంటే పక్కనే ఉన్న మన ఫైల్నే తెచ్చుకుంటుంది. రెండు గంటలు.

మామ్మ_సామెతలు:

@పెంగ్విన్_ప్రియుడు, తమ్ముణ్ణి కాదండీ, చెల్లెల్ని. @సందేహాల_సత్తి, లేదండీ, సామెతలు డాట్ పీవై అని పెట్టాను.

తాతగారూ, మీరు జ్యోతిష్యం కూడా చెబుతారా? వేర్ డాట్ ఈఎక్స్ఈ అంటే రెండు వరసలు వచ్చాయి, మొదటిది విండోస్‌యాప్స్, రెండోది పైథాన్313. పీవై హైఫన్ సున్నా పీ అంటే 3.13, 3.10 రెండు వచ్చాయి. వీఎస్ కోడ్ కింద మూలన 3.10 అని ఉంది! ఈ 3.10 ఎక్కడిదా అని బుర్ర గోక్కున్నాను, మా అన్నయ్య కాలేజీ ప్రాజెక్ట్ కోసం ఇదే లాప్‌టాప్‌లో వేసుకున్నాడట, ఇప్పుడు అడిగితే ఓహో అదా అంటున్నాడు. మరి ఆ పాతది తీసేయనా?

టెర్మినల్_తాత:

తీసేయనక్కర్లేదు, మీ అన్నయ్య ప్రాజెక్ట్ ఏదైనా దానిమీద నిలబడి ఉందేమో. ఎన్ని పైథాన్లు ఉన్నా నష్టం లేదు, ఏది పలుకుతోందో మనకి తెలియకపోతేనే గొడవ.

స్టోర్ తెరుచుకోవడం ఆపాలంటే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్, అందులో యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్. అక్కడ పైథాన్ డాట్ ఈఎక్స్ఈ, పైథాన్3 డాట్ ఈఎక్స్ఈ అని రెండుంటాయి, రెండూ ఆఫ్ చేయండి. అసలు ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్‌లోనే యాడ్ టు పాత్ అని అడుగున చిన్న గడి ఉంటుంది, అది మామూలుగా ఖాళీగా ఉంటుంది, దానికి టిక్ పెట్టి ఉంటే అది తనని తాను విండోస్‌యాప్స్ కంటే ముందు చేర్చుకునేది. మార్చాక ఆ టెర్మినల్ మూసేసి కొత్తది తెరవండి. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ అయితే వీఎస్ కోడ్ మొత్తం మూయాలి, ఎందుకంటే ప్రతి ప్రోగ్రామూ మొదలైనప్పుడు ఉన్న పాత్‌ని ఒక కాపీ తీసుకుని దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. పాత్ సరిగ్గానే మార్చి, పాత విండోలోనే పదిసార్లు కొట్టి చూసి, పనిచేయలేదని మళ్ళీ చెడగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

ఇది చేశాక కూడా పిప్‌ని ఒంటరిగా పిలవకండి. పైథాన్ హైఫన్ ఎం పిప్ ఇన్‌స్టాల్ అనే అలవాటు చేసుకోండి. అప్పుడు ఏ పైథాన్ పలుకుతుందో దానికే సామాను దిగుతుంది. ఇంకా మంచి పద్ధతి, సామెతల ఫోల్డర్‌కి దాని సొంత వంటిల్లు కట్టడం, అంటే దాని సామాను విడిగా ఉండే పైథాన్ ఒకటి పెట్టడం. ఆ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి పీవై హైఫన్ 3.13 హైఫన్ ఎం వీ-ఎన్వ్ డాట్ వీ-ఎన్వ్ అని కొట్టండి (వీ-ఎన్వ్ అంటే వీ, ఈ, ఎన్, వీ అనే నాలుగక్షరాలు, మధ్యలో హైఫన్ లేదు). డాట్ వీ-ఎన్వ్ అనే ఫోల్డర్ పుడుతుంది. దాన్ని యాక్టివేట్ చేసుకుని అందులో పాండాస్ వేయండి. వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కి, పైథాన్ సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్ అని వెతికి, ఆ డాట్ వీ-ఎన్వ్‌లో ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒక జాగ్రత్త, ఆ ఫోల్డర్‌ని తరవాత ఇంకోచోటికి జరిపితే లోపలి చిరునామాలు పాతవే ఉండిపోయి విరుగుతుంది. జరపాలంటే పాత వీ-ఎన్వ్ పారేసి కొత్తది చేసుకోవడమే, దానికి రెండు నిమిషాలు.

మామ్మ_సామెతలు:

స్టోర్ పీడ వదిలింది!! పైథాన్ అంటే 3.13.. అంటూ మూడు బాణాలు వచ్చాయి, స్క్రీన్‌షాట్ తీసి అన్నయ్యకి పంపాను కూడా. వీ-ఎన్వ్ ఫోల్డర్ వచ్చింది. కానీ యాక్టివేట్ అంటే రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిసేబుల్డ్ ఆన్ దిస్ సిస్టమ్ అని ఎర్రగా ఒక పేరా. ఏదైనా వైరస్సా? మళ్ళీ మొదటికొచ్చానా?

బెజవాడ_బగ్:

మొదటికి రాలేదు, ఇంకో గడప దాటుతున్నారంతే. మామూలు విండోస్‌లో పవర్‌షెల్ స్క్రిప్ట్ ఫైళ్ళని దేన్నీ నడవనివ్వదు, దాన్ని ఎగ్జిక్యూషన్ పాలసీ అంటారు, అది రిస్ట్రిక్టెడ్ అని ఉంటుంది. యాక్టివేట్ అనేది కూడా ఒక స్క్రిప్టే కాబట్టి దాన్నీ ఆపింది. సెట్ హైఫన్ ఎగ్జిక్యూషన్‌పాలసీ, హైఫన్ స్కోప్ కరెంట్‌యూజర్, రిమోట్‌సైన్డ్ అని కొట్టండి. దాంతో మీ మెషీన్‌లో మీరు చేసుకున్న స్క్రిప్ట్‌లు నడుస్తాయి, నెట్ నుంచి దిగినవాటికి మాత్రం సంతకం అడుగుతుంది. మీ యూజర్ వరకే కాబట్టి అడ్మిన్ అక్కర్లేదు. వీడియోల్లో కొందరు అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టమంటారు, బైపాస్ అంటారు, అంత తలుపులు బార్లా తెరవక్కర్లేదు.

ఇది కూడా వద్దనుకుంటే అసలు యాక్టివేట్ చేయకుండానే పని నడుస్తుంది. డాట్ వీ-ఎన్వ్ లోపల స్క్రిప్ట్స్ లోపల ఉన్న పైథాన్‌ని పూర్తి చిరునామాతో పిలిస్తే చాలు. యాక్టివేట్ చేసేదల్లా ఆ ఫోల్డర్‌ని పాత్‌లో అందరికంటే ముందు నిలబెట్టడం. తాతగారి సుబ్బారావు కథే మళ్ళీ.

మామ్మ_సామెతలు:

పాండాస్ దిగింది, వీఎస్ కోడ్‌లో ఇంపోర్ట్ అయింది, ఎర్ర గీత లేదు. ఆనందంగా మామ్మ ఫైల్ తెరిచాను. ఇదిగో చూడండి: యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ డీకోడ్ బైట్ 0x81 ఇన్ పొజిషన్ 11. పాండాస్ రీడ్ సీఎస్వీతో అదే సామెతల సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక) కాపీ తెరిస్తే ఏ గొడవా లేకుండా వచ్చింది, మామూలు ఓపెన్‌తో టెక్స్ట్ ఫైల్ తెరిస్తే ఇది. ఫైల్ పాడైందా? రెండేళ్ళు కూర్చుని కొట్టానండీ అది.

గుణింతాల_గురు:

ఫైల్ బంగారంలా ఉంది, కంగారు పడకండి. ఈ థ్రెడ్‌లో నాకు తెలిసిన ముక్క ఇప్పుడొచ్చింది.

మీ ఫైల్ మొదటి మాట ‘తెలుగు’ అనే మాటే అయ్యుండాలి, అవునా? తెలుగు సామెతలు అనో ఏదో. ఎలా తెలిసిందంటే, మీ ఫోన్ ఆ ఫైల్‌ని యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతిలో, దాచింది. అందులో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఏదైనా సరే ఒక్కోటి మూడు బైట్లు. త మూడు, ఎత్వం మూడు, ల మూడు, కొమ్ము మూడు. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి ల కింద ఉన్న కొమ్ము మూడో బైట్ పొజిషన్ 11లో పడుతుంది. ఆ బైట్ 0x81. ఇప్పుడు విండోస్‌లో పైథాన్ ఓపెన్ అనే ఫంక్షన్, మీరు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, మెషీన్ భాషకి తగ్గ పాత కోడ్ పేజీ తీసుకుంటుంది, ఇండియా ఇంగ్లిష్‌కి అది సీపీ1252. అది పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక, అందులో అయిదు గడులు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. మన కొమ్ము సరిగ్గా ఆ మొదటి ఖాళీ గడిలో పడింది, పైథాన్ చేతులెత్తేసింది. మన పొల్లు 8డీలో పడుతుంది, అంటే అమ్మ అని రాసినా ఆగిపోతుంది. ‘ఏ’ అనే అక్షరం 8ఎఫ్‌లో. ఏ ఎండకు ఆ గొడుగు అన్న సామెత మొదట ఉంటే ఎర్రర్‌లో పొజిషన్ 2 అని వచ్చేది.

దీనికంటే ప్రమాదం ఎర్రర్ రాకపోవడం. పలక బలపం అన్న మాటల్లో కొమ్ము లేదు, ఒత్తు లేదు, ఖాళీ గడుల్లో పడేది ఏదీ లేదు, కాబట్టి పైథాన్ కిక్కురుమనకుండా దాన్ని ఫ్రెంచి అక్షరాలూ డిగ్రీ గుర్తులూ కలిసిన పిచ్చిరాతగా చదివేస్తుంది. మీకు ఎర్రర్ రావడం అదృష్టమే.

ఓపెన్‌లో ఫైల్ పేరు తరవాత కామా పెట్టి ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ యూటీఎఫ్-8 అని రాయండి. చదివేటప్పుడూ రాసేటప్పుడూ రెండుసార్లూ. పాండాస్ రీడ్ సీఎస్వీ తనంతట తానే యూటీఎఫ్-8 అనుకుంటుంది కాబట్టి అక్కడ గొడవ రాలేదు. ప్రతిసారీ రాయడం విసుగనిపిస్తే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పైథాన్‌యూటీఎఫ్8 అనే పేరుతో 1 అని పెట్టుకోవచ్చు, 3.7 నుంచీ ఉంది. 3.15 నుంచి అసలు డిఫాల్టే యూటీఎఫ్-8 చేయాలని పెప్ 686 అనే పైథాన్ మార్పుల ప్రతిపాదనలో నిర్ణయించారు, అప్పటిదాకా మన కొమ్ములకి ఈ తిప్పలు తప్పవు. ఫైల్ మొదట్లో కనిపించని అక్షరం ఏదో ఉన్నట్టు అనిపిస్తే, అంటే మొదటి సామెత ఒక్కటే వెతికితే దొరకకపోతే, యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి. ఎక్సెల్‌లో సీఎస్వీ యూటీఎఫ్-8గా సేవ్ చేసినవాటికి ముందు ఆ గుర్తు అంటుకుని వస్తుంది.

మామ్మ_సామెతలు:

మొదటి లైన్ తెలుగు సామెతలు అనే ఉందండీ, మీరు చెప్పింది చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. యూటీఎఫ్-8 పెట్టాను, మొత్తం 614 సామెతలు వచ్చాయి, అందులో 23 రెండేసిసార్లు రాసుకున్నాను. మామ్మకి చెబితే, రెండుసార్లు చెప్పానంటే నువ్వు మొదటిసారి వినలేదన్నమాట అంది.

టెర్మినల్‌లో ఒత్తులు కొన్ని పక్కకి జరిగి విడిగా కనిపిస్తున్నాయి, అది కూడా ఏదైనా సెట్టింగా?

గుణింతాల_గురు:

అది చూపించడంలో లోపమే, డేటా బాగానే ఉంటుంది. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ సమానమైన గళ్ళలో కూర్చోబెట్టాలని చూస్తుంది, మన ఒత్తులు గళ్ళలో ఇమడవు. ఫలితాన్ని కోడ్ నుంచే ఫైల్‌లోకి రాసి నోట్‌ప్యాడ్‌లో చూసుకోండి. గ్రేటర్ దేన్ గుర్తు పెట్టి టెర్మినల్ నుంచి ఫైల్‌లోకి మళ్ళించకండి, అక్కడ మళ్ళీ సీపీ1252 అడ్డొస్తుంది.

మామ్మ_సామెతలు:

సరేనండీ. తాతగారికీ, బగ్ గారికీ, మీకూ చాలా థాంక్స్. ఫార్మాట్ చేయలేదు. ఇంకొక్కటి అడిగి వెళ్ళిపోతాను. అన్నిటికంటే చిన్న సామెత ఏదో చూద్దామని పొడవు లెక్కపెట్టే లెన్ వాడితే తెలుగు అన్న మాటకి 6 అంటోంది, అమ్మకి 4 అంటోంది. నా లెక్కన మూడూ రెండూ కదా?

టెర్మినల్_తాత:

అది ఇన్‌స్టలేషన్ గొడవ కాదమ్మా, గురువుగారు ఇందాక చెప్పారు చూడు, గుణింతమూ పొల్లూ విడివిడి గుర్తులని, లెన్ వాటినే లెక్కపెడుతోంది. కొత్త థ్రెడ్ తెరువు, ఇక్కడ అడిగితే రేపు వెతికేవాళ్ళకి దొరకదు. తెరిచాక లింక్ ఇక్కడ పెట్టు.